ముళ్లకంచె మీద ఒక బూటు

నమస్కారం. రేడియోలో కూర్చుని ఫొటో గురించి మాట్లాడటం కాస్త విడ్డూరమే. మీకు చూపించలేను. నేను చెబుతుంటే మీరే ఊహించుకోవాలి.

బెర్లిన్ నగరం, బెర్నావర్ వీధి. 1961 ఆగస్టు 15. ఇక్కడ మనం జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్న రోజే. అక్కడ రెండు రోజుల కిందట, ఆదివారం తెల్లారేసరికి, తూర్పు జర్మనీ ప్రభుత్వం తన జనం పశ్చిమానికి పారిపోకుండా ఊరికి అడ్డంగా కంచె వేసేసింది. ఈ వీధిలో ఒక పక్క ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందున్న కాలిబాట పశ్చిమ బెర్లిన్‌ది. గడప దాటితే అవతలి రాజ్యం!

తర్వాత పేరుమోసిన బెర్లిన్ గోడ ఇంకా లేవలేదు. ఉన్నవల్లా ముళ్లతీగ చుట్టలు. కాపలాగా పంతొమ్మిదేళ్ల తూర్పు జర్మనీ పోలీసు, కాన్రాడ్ షూమన్. సిగరెట్ కాలుస్తున్నాడు. టెన్షన్. అవతలి నుంచి జనం "వచ్చెయ్, ఇటు వచ్చెయ్" అని కేకలు. వాళ్ల మధ్య హాంబర్గ్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ పీటర్ లైబింగ్. అతనికీ ఇరవయ్యేళ్లే. గుర్రాలు అడ్డుకర్రల మీదుగా దూకే పోటీలను ఫొటోలు తీసిన అనుభవం ఉంది. ఎప్పుడు నొక్కాలో ఆ వేలికి తెలుసు. గంటకు పైగా కెమెరా ఆ కుర్రాడి మీదే పెట్టి నిలబడ్డాడు. గంటకు పైగా!

కుర్రాడు దూకాడు. లైబింగ్ నొక్కాడు. ఒకే ఒక్క ఫొటో. తల మీద హెల్మెట్, తీగను తొక్కుతున్న బూటు, భుజం మీది తుపాకీని వదిలించుకుంటున్న చెయ్యి.

ఆ ఫొటో లోకమంతా తిరిగింది. ఆ ముఖమూ తిరిగింది. కన్నవాళ్లేమో తూర్పునే ఉండిపోయారు. షూమన్ బవేరియాలో స్థిరపడి, ఏళ్ల తరబడి కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1989లో గోడ పడ్డాక సొంతూరికి వెళ్తే, కొందరు అతనితో మాట్లాడనే లేదు. 1998లో ఆత్మహత్య చేసుకున్నాడు.

లైబింగ్‌ను నేను తప్పుపట్టను. దూకుతున్న మనిషిని ఆపి "బాబూ, ఫొటో తియ్యమంటావా" అని అడగలేం కదా. కానీ మనకు అడిగే వ్యవధి ఉంటుంది. ఎక్కడో గొడవ, రాళ్లు, లాఠీలు. వెంటనే ఫోన్ తీస్తాం. తీయండి, వద్దనను. గ్రూపులో పెట్టే ముందు మాత్రం, అందులో ఎవరి ముఖం ఉందో చూడండి. రేపు పొద్దున ఆ మనిషి అదే వీధిలో పాలు కొనుక్కోవాలి, పిల్లల్ని అదే బడికి పంపాలి. ముఖాన్ని మసక చేసే పద్ధతి ఫోన్‌లోనే ఉంటుంది. తెలియకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. నాకు మా అమ్మాయే నేర్పింది, అర నిమిషం పని. అసలు ఫొటోను మాత్రం చెరపకండి. ఎప్పుడు, ఎక్కడ తీశారో రాసి దాచండి, రేపు ఆ మనిషికే సాక్ష్యంగా కావాల్సి రావచ్చు.

ఉంటాను. నమస్కారం.