తిని ఎన్ని రోజులైంది?

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఈటింగ్ డిజార్డర్స్ గురించి, అంటే తిండి చుట్టూ అల్లుకునే మానసిక జబ్బుల గురించి మాట్లాడమన్నారు. సమయం తక్కువ కాబట్టి రకాల సంగతి చకచకా చెప్పేస్తాను. లావైపోతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ చిక్కి శల్యమైపోవడం అనొరెక్సియా. అదుపు తప్పి తినేసి, ఆ తర్వాత వేలు పెట్టుకుని కక్కేయడమో, విరేచనాల మాత్రలు మింగడమో చేస్తుంటే బులీమియా. బులీమియాలో బరువు మామూలుగానే ఉండొచ్చు. అందుకే ఇంట్లోవాళ్లకి అనుమానం రాదు. ఆడపిల్లల జబ్బు అనుకుంటారు గానీ మగపిల్లలకీ వస్తుంది. రకాలకి ఇంతకంటే సమయం ఇవ్వను. ఎందుకంటే మీకో ప్రయోగం గురించి చెప్పాలి. నర్సింగ్ పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడల్లా నేను దానితోనే మొదలుపెడతాను.

రెండో ప్రపంచ యుద్ధం చివరికొచ్చింది. యూరప్‌లో జనం తిండి లేక మాడిపోతున్నారు. యుద్ధం అయ్యాక వాళ్లకి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? అది తేల్చడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. తుపాకీ పట్టడం మా మనస్సాక్షికి విరుద్ధం అని సైన్యంలో చేరనివాళ్లు వీళ్లు. ఇష్టపడే వచ్చారు. ఒంట్లోనూ, మనసులోనూ గట్టిగా ఉన్నారని పరీక్షించాకే తీసుకున్నారు. మనసు గట్టివాళ్లు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

1945 ఫిబ్రవరి నుంచి 24 వారాలు వాళ్ల తిండిని దాదాపు సగానికి కోసేశారు. రొట్టె, బంగాళదుంపలు, క్యాబేజీ, మాకరోనీ, అదీ రోజుకి రెండు పూటలే. వారానికి 22 మైళ్లు నడక మాత్రం తప్పదు. ఒంట్లో బరువు పావు వంతు పోయింది. గుండె నిమిషానికి 35 సార్లు కొట్టుకునే దాకా దిగింది. ఎండాకాలంలో చలేస్తోందన్నారు. కాళ్లు వాచాయి. ఇదంతా ఊహించిందే. ఊహించనిది మరొకటి జరిగింది. ఆ యువకులు వంటల పుస్తకాలు పోగేసి చదవడం మొదలుపెట్టారు. కలలో తిండి, మెలకువలో తిండి. ప్లేటులో ఉన్న కొంచెం అన్నాన్ని మనం కొసరి కొసరి తిన్నట్టు, వాళ్లు ఉన్న ముక్కల్ని గంటల తరబడి నమిలారు, ఆఖర్న ప్లేట్లు నాకారు. చూయింగ్ గమ్, కాఫీ మీద పడ్డారు. స్నేహితులతో మాటలు తగ్గాయి, చిరాకు పెరిగింది, దిగులు కమ్మింది. మళ్లీ తిండి పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా కడుపు నిండినట్టే అనిపించలేదు.

ఆ పిల్లలకి ముందు ఏ జబ్బూ లేదు. మనసు గట్టివాళ్లు. ఆకలి ఒక్కటే వాళ్లనలా చేసింది. అనొరెక్సియాలో లావవుతానన్న భయం కూడా తోడవుతుంది కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ వార్డులో ఎవరైనా పిల్లని చూసి 'మొండిఘటం, గంటకో ఇడ్లీ చిదుపుతుంది' అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చిదపడంలో సగం ఆకలి చేయిస్తున్న పని. తిట్టినంత మాత్రాన పోదు.

సిస్టర్లు చూసుకోవాల్సినవి కొన్ని చెప్తాను. నాడి, బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలి. నాడి 40 కంటే తగ్గితే డాక్టరుకి అప్పటికప్పుడే చెప్పాలి. బరువు పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, పల్చటి బట్టల్లో చూడాలి. బరువు ఎక్కువ చూపించడానికి లీటర్ల కొద్దీ నీళ్లు తాగి వచ్చేవాళ్లు ఉంటారు. వేళ్ల కణుపుల మీద కాయలు కాసి ఉంటే, అది తరచూ వేలు పెట్టుకుని కక్కడం వల్ల కావచ్చు. తినేటప్పుడు పక్కన కూర్చోవాలి, తిన్నాక ఇంకో గంట కూడా కూర్చోవాలి. ఆ గంటలో బాత్‌రూమ్ వైపు మనసు లాగుతుంది కాబట్టి సినిమాల గురించో, చదువు గురించో, ఏదో ఒకటి మాట్లాడండి. బరువు మాట ఎత్తకండి. చూడ్డానికొచ్చిన అత్తయ్యలు ప్రేమతోనే 'హమ్మయ్య, కాస్త ఒళ్లు చేశావు' అంటారు. ఆ పిల్లకి వినిపించేది 'లావయ్యావు' అని. మరుసటి పూట కంచం ముట్టదు.

ఇక ఇంట్లోవాళ్లకి ఒక్క మాట, నేను అసలు వచ్చిందే దీనికోసం. మనకి నీరసం అంటే గ్లూకోజ్ బాటిలే గుర్తొస్తుంది. 'ఒక బాటిల్ ఎక్కించండి సిస్టర్, లేచి కూర్చుంటుంది' అంటారు. చాలా రోజులు తిండి లేని ఒంట్లోకి చక్కెర ఒక్కసారిగా వెళ్తే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో ఉన్న ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం అనే లవణాలు కణాల్లోకి వెళ్లిపోయి, రక్తంలో బాగా తగ్గిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడొచ్చు. ప్రాణమే పోవచ్చు. కంచం నిండా వడ్డించి బలవంతంగా తినిపించినా ఇదే ప్రమాదం. అందుకే ఆసుపత్రిలో ముందు బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇస్తారు, రక్తపరీక్షలు చేస్తూ తిండి కొంచెం కొంచెంగా పెంచుతారు. 'డబ్బులు కట్టినా పిల్లకి కడుపు నిండా పెట్టట్లేదు' అని సిస్టర్ల మీద కోప్పడకండి.

ఐదు రోజులు దాటి దాదాపు ఏమీ తినని మనిషికి ఈ ప్రమాదం ఉందనే లెక్క. కాబట్టి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా, పెద్దాసుపత్రికి వెళ్లినా, బాటిల్ అడగకముందే సరిగా తిని ఎన్ని రోజులైందో చెప్పండి. కక్కుతోందని అనుమానం ఉంటే అదీ చెప్పండి. పిల్ల ముందు చెప్పడం ఇబ్బందనిపిస్తే సిస్టర్‌ని పక్కకి పిలిచి చెప్పండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, దాని నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. సెలవు.