స్టీరింగ్ బాక్స్ స్క్రూ ఆఖరున: 1970 షెవెల్ ఫ్రంట్ సస్పెన్షన్ రీబిల్డ్

[దృశ్యం: కారు లోపలి నుంచి. రోడ్డు తిన్నగా ఉంది. స్టీరింగ్ మీద చేతులు మాత్రం ఆగకుండా అటూ ఇటూ కదులుతున్నాయి.]

రోడ్డును కాదు, నా చేతుల్ని చూడండి. స్టీరింగ్‌ని ఎడమకు మూడు అంగుళాలు తిప్పాను. చక్రాలకు ఇంకా కబురు అందలేదు. ఇంకో అంగుళం తిప్పితే చాలు, కారు పక్క లేన్‌లోకి దూకుతుంది. గంటకు 60 మైళ్ల వేగంలో ఇలా నడిపితే పక్క సీట్లో ఉన్నవాళ్లు మాటలు ఆపేసి డ్యాష్‌బోర్డు పట్టుకుంటారు.

[దృశ్యం: గరాజ్. కారు ముందు భాగం స్టాండ్ల మీద.]

నమస్తే. ఇది 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 అనే అమెరికన్ కారు. 396 అంటే ఇంజిన్ సైజు, పేరుకే లెండి. ఆ ఏడు ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, కాస్త పెంచి 402 క్యూబిక్ అంగుళాలు చేశారు, బ్యాడ్జీ మాత్రం మార్చలేదు. దీనికి పెద్దన్న లాంటి 454 ఎల్ఎస్6 ఇంజిన్ కూడా ఆ ఏడాదిదే, 450 హార్స్‌పవర్. వెనక నుంచి అంత బలం తోస్తుంటే, ముందు దాన్ని తిన్నగా పట్టుకునేది ఇదిగో, సస్పెన్షన్ ఆర్మ్‌లకూ ఫ్రేముకూ మధ్య ఉండే ఈ కాసిని రబ్బరు బుష్‌లు. వీటికి యాభై ఏళ్లు దాటాయి.

కొన్న కొత్తలో ఒక షాపుకు తీసుకెళ్లాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల డబ్బా, అదే స్టీరింగ్ బాక్స్, దాని మీద ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని ముప్పావు చుట్టు బిగించి "ప్లే పోయింది, చూసుకోండి" అన్నారు. ప్లే అంటే స్టీరింగ్ తిప్పినా చక్రాలు కదలని ఆ వదులు. నిజంగానే కొంత పోయింది. కానీ మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావడం మానేసింది. ప్రతి మలుపులోనూ నేనే లాక్కుని తెచ్చుకోవాలి. ఆ స్క్రూ చెడ్డదని కాదు. అది ఆఖరున చేయాల్సిన పని. ఎందుకో బాక్స్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ప్లే ఎక్కడుందో చూద్దాం. దీనికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజిన్ ఆఫ్. మా ఆవిడ స్టీరింగ్ దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఊపుతోంది. నేను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూస్తున్నాను.

[దృశ్యం: కారు కింద. ఐడ్లర్ ఆర్మ్ దగ్గరగా. ఇంట్లోంచి కుక్కర్ విజిల్.]

"ఇంకా ఎంతసేపండీ?"

"ఒక్క నిమిషం, ఊపుతూ ఉండు."

ఇదిగో, దొరికింది. ఇది ఐడ్లర్ ఆర్మ్. డ్రైవర్ వైపు బాక్స్‌కు తగిలించిన పిట్‌మన్ ఆర్మ్, కారు అడ్డంగా ఉండే సెంటర్ లింకు అనే కడ్డీని తోస్తుంటే, రెండో వైపు దాన్ని మోసేది ఇదే. ఇది పక్కలకు కదలాలి, అంతే. మరి ఇది పైకీ కిందికీ ఎలా ఎగురుతోందో చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడు మొదటి అంగుళం తిప్పుడంతా దీన్ని లేపడానికే ఖర్చయిపోతోంది. సెంటర్ లింకు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ టై రాడ్. ఎడమ వైపు దాని లోపలి చివరి కీలు, టై రాడ్ ఎండ్, కూడా అదే బాపతు. పైన స్టీరింగ్ కాలమ్‌ని బాక్స్‌తో కలిపే రబ్బరు బిళ్ల, దీన్ని ఇక్కడ రాగ్ జాయింట్ అంటారు, అది పగిలి పీచు పీచుగా ఉంది. ఒక్కోదానిలో చిన్న లూజే. అన్నీ కలిపితే నాలుగు అంగుళాలు. బాక్స్‌లో తప్పు ఎంతుందో ఇంకా తెలియనే తెలియదు.

సస్పెన్షన్ ఆర్మ్‌ల చివర చక్రాన్ని పట్టుకునే గుండ్రటి కీళ్లు, అంటే బాల్ జాయింట్ల, పరీక్ష వేరు, ఇందులో చాలామంది పొరపాటు చేస్తారు. ఈ కారులో స్ప్రింగు కూర్చునేది కింది ఆర్మ్ మీద. అంటే బరువు మోసేది కింది బాల్ జాయింట్. జాకీని ఫ్రేము కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి తోస్తూనే ఉంటుంది, జాయింటు బిర్రుగా ఉంటుంది, అరిగిపోయినా ప్లే కనపడదు. జాకీని కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అప్పుడు చక్రం కింద గడ్డపార లాంటిది పెట్టి లేపితే అసలు రంగు బయటపడుతుంది. నాది టక్కుమంది.

[దృశ్యం: తెల్లకాగితం మీద గీసిన బొమ్మ. రెండు ఆర్మ్‌లు, మధ్యలో స్ప్రింగు.]

బొమ్మ త్వరగా చూసేద్దాం. పైన పొట్టి ఆర్మ్, కింద పొడుగు ఆర్మ్. రెండింటి చివరా బాల్ జాయింట్లు, వాటి మధ్య నకల్ అనే ఇనుప దిమ్మ, నకల్‌కి చక్రం. కింది ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య కాయిల్ స్ప్రింగు, దాని కడుపులో షాక్ అబ్జార్బర్. 1964 నుంచి 1972 దాకా జనరల్ మోటార్స్ ఏ-బాడీ అనే కుటుంబం కార్లన్నింటిదీ ఇదే అమరిక. షెవెల్ ఒక్కటే కాదు, పోంటియాక్ జీటీఓ అయినా ఇంతే. స్టీరింగ్ మాత్రం మన అంబాసిడర్‌లో ఉన్న ర్యాక్ అండ్ పినియన్ కాదు. బాక్స్‌లో స్టీలు గోళీలు తిరిగే రకం.

ఇప్పుడు స్ప్రింగు. ఇక్కడ తొందర వద్దు.

ఈ కారు ముందు ఒక్కో చక్రం మీద సుమారు అయిదు వందల కిలోల బరువుంటుంది. స్ప్రింగు ఆర్మ్ చివర లేదు, దాదాపు మధ్యలో ఉంది. అంటే అది మోసే బరువు ఇంచుమించు రెట్టింపు, టన్ను దాకా. అంత బలం ఒకేసారి జారిపోతే గరాజ్ గోడ కూడా ఆపలేదు. మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

[దృశ్యం: గొలుసు స్ప్రింగులోంచి దూర్చి ఫ్రేముకు కడుతున్న చేతులు.]

నేను చేసే పద్ధతి ఇది. ఫ్రేము స్టాండ్ల మీద. చక్రం, బ్రేకు, యాంటీ రోల్ బార్ లింకు తీసేశాను. షాక్ అబ్జార్బర్ పైన ఒక నట్టు, కింద రెండు బోల్టులు, అది కింద నుంచే జారి వచ్చేస్తుంది. తర్వాత స్ప్రింగు చుట్టల మధ్య నుంచి గట్టి గొలుసు దూర్చి ఫ్రేముకు కట్టాను. కింది ఆర్మ్ కింద పెద్ద జాకీ. నట్టు తిరగకుండా ఆపే పిన్ను కాటర్ పిన్. కింది బాల్ జాయింట్‌ది తీసి నట్టును లూజు చేశాను, కానీ పూర్తిగా తీయలేదు, నాలుగు చుట్లు ఉంచాను. ఇప్పుడు నకల్ పక్క మీద, జాయింటు దూరే ఆ బుడిపె మీద, సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు. టక్. చూశారా, నకల్‌లో బిగుసుకున్న జాయింటు టేపర్, అంటే కొసకు సన్నబడే కాడ, వదిలేసింది. నట్టు ఉంది కాబట్టి ఎక్కడికీ పోలేదు.

రెండు పళ్ల ఫోర్కు ఒకటి అమ్ముతారు, మధ్యలోకి దిగ్గొట్టి విడదీయడానికి. జాయింటు పారేసేదయితే వాడుకోండి. ఉంచుకోవాలంటే వద్దు, రబ్బరు బూటు చిరిగిపోతుంది.

జాకీని కొంచెం పైకెత్తి, నట్టు మీద భారం పోయాక నట్టు తీసి, అప్పుడు జాకీని నెమ్మదిగా దించాలి. నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగా. ముఖం స్ప్రింగుకు ఎదురుగా పెట్టకండి. ఆర్మ్ పూర్తిగా వేలాడాక స్ప్రింగు చేత్తో ఊడి వస్తుంది.

మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో ఇనుము తుప్పు పడుతుంది. అందుకే కింది ఆర్మ్ బోల్టులు బుష్ లోపలి గొట్టంతో కలిసిపోయి ఒకే ముక్కయ్యాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రెండు రోజులు వదిలేశాను. ఒకటి లొంగింది. రెండోదాన్ని రంపంతో కోశాను.

బుష్‌ల విషయంలో ఒక జాగ్రత్త. ఈ కార్లలో కింది ఆర్మ్ బుష్‌లు కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. ఆర్డర్ పెట్టేముందు మీ ఆర్మ్ రంధ్రాలు చూసుకోండి. నేను చూసుకోలేదు, ఒక వారం పోయింది. పై బాల్ జాయింట్ ఫ్యాక్టరీలో రివెట్లతో కొట్టి ఉంటుంది. రివెట్ తలల్ని డ్రిల్ చేసి తీసేస్తే, కొత్తది బోల్టులతో వస్తుంది. కిందిది ప్రెస్సులో ఎక్కించాల్సిందే.

బుష్‌లు రబ్బరువా, పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వా? రేసు ట్రాక్‌కు వెళ్లేవాళ్లయితే పాలీ. అది గట్టిగా ఉంటుంది, కానీ గ్రీసు ఆరిపోగానే పాత తలుపులా కిర్రుమంటుంది. నేను రబ్బరే వేశాను.

రబ్బరు వేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆర్మ్ వేలాడుతుండగా బుష్ బోల్టులు బిగించకండి. రబ్బరు బుష్ గుండ్రంగా తిరిగే వస్తువు కాదు. లోపలి గొట్టం ఫ్రేముకు పట్టుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది, మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేల మీద నిలబడినంతసేపూ ఆ రబ్బరు పిండిన గుడ్డలా మెలిపడే ఉంటుంది. కారు ముందు భాగం అనవసరంగా ఎత్తుగా నిలబడుతుంది, రబ్బరు తొందరగా చిరుగుతుంది. బోల్టులు వేలితో పెట్టి వదిలేయండి. బరువంతా చక్రాల మీద పడ్డాక, కారు మామూలు ఎత్తులో ఉన్నప్పుడు బిగించండి.

[దృశ్యం: కింది ఆర్మ్‌లో స్ప్రింగు కూర్చునే గిన్నె. రెండు చిన్న రంధ్రాలు. వేలు ఒకదాన్ని చూపిస్తోంది.]

కొత్త స్ప్రింగు పెట్టేటప్పుడు ఈ గిన్నెలోకి చూడండి. రెండు రంధ్రాలున్నాయి. స్ప్రింగు కొస ఒక రంధ్రాన్ని మూయాలి, రెండోది కొంతైనా తెరిచి ఉండాలి. రెండూ మూసుకున్నా, రెండూ తెరుచుకున్నా స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఒకవైపు సరిగ్గా కూర్చుని రెండోవైపు కూర్చోకపోతే కారు ఒక పక్కకు వాలుతుంది, తర్వాత మీరు అలైన్‌మెంట్ వాణ్ని తిట్టుకుంటారు.

లింకేజీ, అంటే బాక్స్ నుంచి చక్రాల దాకా ఉన్న స్టీరింగ్ కడ్డీలు, సులువే. టై రాడ్లు విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి గోడ మీద రాసుకోండి. కొత్తవాటిని అన్నే చుట్లు ఎక్కిస్తే, అలైన్‌మెంట్ షాపు దాకా కారు కనీసం తిన్నగా వెళ్తుంది. నట్టు బిగించాక కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే వెనక్కి తిప్పకూడదు. ఇంకాస్త బిగించి తర్వాతి గాడికి తేవాలి. నిపిల్స్‌లో గ్రీసు కొట్టడం మర్చిపోకండి, కొత్త జాయింట్లు పొడిగా కూడా వస్తాయి.

సరే, బాక్స్.

[దృశ్యం: బల్ల మీద విప్పి పెట్టిన పాత స్టీరింగ్ బాక్స్. స్టీలు గోళీలు గిన్నెలో.]

స్టీరింగ్ తిప్పితే ఈ మరచుట్టు తిరుగుతుంది. దీని మీద ఈ దిమ్మె పైకీ కిందికీ నడుస్తుంది. మధ్యలో గోళీలు దొర్లుతాయి కాబట్టి రాపిడి తక్కువ. దిమ్మె పక్కన పళ్లున్నాయి, అవి ఈ సెక్టార్ షాఫ్టును తిప్పుతాయి, షాఫ్టు చివర పిట్‌మన్ ఆర్మ్. ఆ స్క్రూ చేసేదల్లా సెక్టార్ పళ్లను దిమ్మె పళ్లలోకి ఇంకొంచెం దింపడం.

ఈ పళ్లు అన్నిచోట్లా ఒకేలా పట్టవు. సరిగ్గా నడిమధ్యలో కాస్త బిగువు, రెండు పక్కలకు వెళ్లేకొద్దీ వదులు. కావాలనే అలా చేశారు, తిన్నగా వెళ్లేటప్పుడు ప్లే ఉండకూడదని. నా కారులో ఏం జరిగిందంటే, ఇదివరకు ఎవరో రెండు టై రాడ్లనూ సమానంగా సర్దకుండా ఒక్కదాన్నే తిప్పి పని కానిచ్చారు. స్టీరింగ్ చక్రం వంకరగా వచ్చింది. అప్పుడు చక్రాన్ని ఊడబీకి తిన్నగా కనపడేలా మళ్లీ బిగించారు. చూడటానికి అంతా తిన్నగా ఉంది, కానీ కారు నేరుగా వెళ్తున్నప్పుడు బాక్స్ నడిమధ్యలో లేదు, వదులుగా ఉండే పక్కన ఉంది. ఆ వదులును షాపువాళ్లు స్క్రూతో బిగించారు. దాంతో అసలు మధ్యకు వచ్చినప్పుడల్లా పళ్లు ఒరుసుకుని పట్టేస్తున్నాయి. స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి కారణం అది.

సరైన పద్ధతి: పిట్‌మన్ ఆర్మ్‌ని పుల్లర్‌తో తీసేయండి. స్టీరింగ్‌ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా తిప్పి చుట్లు లెక్కపెట్టండి. అందులో సగం వెనక్కి వస్తే అదే మధ్య. ఆ మధ్యలోంచి తిప్పుతున్నప్పుడు చేతికి చిన్న బిగువు తగలాలి, అంతే. స్క్రూ అంతవరకే. నట్టుతో లాక్ చేసి వదిలేయండి. నా బాక్స్‌కు, షాపు బిగించింది వెనక్కి తిప్పాక, కావలసింది పావు చుట్టు కూడా లేదు.

[దృశ్యం: అలైన్‌మెంట్ యంత్రం తెర. అంకెలు.]

అలైన్‌మెంట్‌కు వెళ్లినప్పుడు 1970 మాన్యువల్ అంకెలు ఇవ్వకండి. ఈ కారు ఎఫ్70-14 సైజు బయాస్ బెల్టెడ్ అనే పాత రకం టైర్ల మీద వచ్చింది, ఆ అంకెలు వాటికోసం. అందులో క్యాస్టర్ సున్నాకు అటూ ఇటూ. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి అదీ ఒక కారణం. క్యాస్టర్ అంటే ఆ వాలే. ఇప్పటి రేడియల్ టైర్లకు నేను అడిగినవి: క్యాస్టర్ ప్లస్ 3 డిగ్రీలు, క్యాంబర్, అంటే ఎదురుగా చూస్తే చక్రం పక్కకు వాలిన వాలు, మైనస్ అర డిగ్రీ; టో-ఇన్, అంటే రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన కొలత, 1/16 నుంచి 1/8 అంగుళం. కంపెనీ ఆర్మ్‌లతో 3 డిగ్రీలు రావడం కష్టం, నాకు రెండున్నర వచ్చింది, చాలు. పై ఆర్మ్ షాఫ్టుకూ ఫ్రేముకూ మధ్య పెట్టే ఈ పల్చటి రేకులతోనే క్యాస్టర్, క్యాంబర్ రెండూ సర్దుతారు. ముందూ వెనకా సమానంగా మారిస్తే క్యాంబర్, తేడాగా మారిస్తే క్యాస్టర్. టై రాడ్లు రెండూ సమానంగా తిప్పమని, స్టీరింగ్ చక్రాన్ని ఊడదీయొద్దని దగ్గరుండి చెప్పాను.

[దృశ్యం: వుడ్‌వర్డ్ అవెన్యూ. సాయంత్రం. స్టీరింగ్ మీద ఒక్క చెయ్యి.]

ఇది డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ. ఏటా ఆగస్టులో డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరిగేది ఇక్కడే. ఒక చెయ్యి చాలు. అంగుళం తిప్పితే అంగుళానికి సరిపడా తిరుగుతోంది, మలుపు తర్వాత చక్రం దానంతట అదే వెనక్కి వస్తోంది. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది, నాకు అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు.

పక్క కారువాడు చెయ్యి ఊపితే హారన్ కొడదామని నొక్కాను. మోగలేదు. కొత్త రాగ్ జాయింట్‌ది తప్పు. పాతదాని మీద రబ్బరును దాటిస్తూ ఒక సన్నటి తీగ ఉండేది, హారన్‌కు ఎర్త్ ఆ దారినే వెళ్తుంది. నేను కొన్నదానికి ఆ తీగ లేదు. పాతది ఇంకా చెత్తబుట్టలోనే ఉందనుకుంటాను, ఇంటికెళ్లి వెతకాలి.