ముందు వెనక్కి తిప్పి చూడండి

నమస్కారం. ఇదిగో, ఈ పళ్ళెం చూడండి. అరచేయంత ఉంది. నీలం మీద నారింజ చుక్కలు. ఇక్కడే చెన్నైలో, ఒక పాత సామాన్ల కొట్టులో ఇత్తడి చెంబుల కింద దొరికింది. కొట్టాయన యాష్‌ట్రే అన్నాడు, యాష్‌ట్రే ధరకే ఇచ్చాడు. నేను నోరు మెదపలేదు.

ఇది ఎనామిల్. పెయింట్ కాదండీ, గాజు. గాజుపొడి రాగి రేకు మీద చల్లి, సుమారు 800 డిగ్రీల కొలిమిలో రెండు మూడు నిమిషాలు ఉంచితే కరిగి అతుక్కుపోతుంది. మన చిన్నప్పటి నీలం అంచు తెల్ల పళ్ళేల మీద ఉండేదీ ఇదే, కాకపోతే అవి ఇనుప రేకు మీద ఫ్యాక్టరీలో వేసినవి. నగల మీద రంగులు అద్దే జైపూర్ మీనాకారీ కూడా దీనికి చుట్టమే.

స్టూడియో ఎనామిల్ అంటే కళాకారులు తమ కొలిమి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చేసుకున్నవి. 1940ల నుంచి 60ల దాకా అమెరికాలో దీనికి మంచి ఊపు, ముఖ్యంగా క్లీవ్‌లాండ్‌లో. అక్కడి ఆర్ట్ స్కూల్లో కెన్నెత్ బేట్స్ పాఠం చెప్పేవారు. ఎడ్వర్డ్ వింటర్ పెద్ద పెద్ద ఉక్కు పలకల మీద కూడా ఎనామిల్ వేశారు. నాకు మాత్రం కాలిఫోర్నియాలో పనిచేసిన జూన్ ష్వార్జ్ అంటే పిచ్చి. ఆవిడ గిన్నెలు కొన్ని చూస్తే ముడతలు పడ్డ చెట్టు బెరడు గుర్తొస్తుంది. అయితే అదే రోజుల్లో సరదాగా ఇంట్లో చేసుకునేవాళ్ళకు కిట్లు కూడా అమ్మేవారు. కాబట్టి పాతదల్లా గొప్పదని మురిసిపోకండి.

మరి ఎలా చూడాలి? రంగులు చూసి పడిపోకుండా వెనక్కి తిప్పండి. చల్లారేటప్పుడు గాజు కంటే రాగి ఎక్కువ కుంచించుకుంటుంది. ఒకవైపే గాజు ఉంటే రేకు వంగిపోతుంది, గాజు పెచ్చులూడుతుంది. అందుకే పనితెలిసినవాళ్ళు వెనక కూడా ఒక పూత వేస్తారు. చాలాసార్లు మిగిలిపోయిన పొడులన్నీ కలిపి వేస్తారు కాబట్టి బూడిద రంగులో చుక్కలు చుక్కలుగా ఉంటుంది. సంతకం ఉంటే సాధారణంగా అక్కడే ఉంటుంది. అయస్కాంతం అతుక్కుంటే అడుగున ఇనుమో ఉక్కో ఉన్నట్టు. అలాగని పారేయకండి, వింటర్ పలకలు ఉక్కే కదా!

నేనూ ఒకసారి మోసపోయాను. ఎనామిల్ అనుకుని రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురు పూసినది కొన్నాను. ఎంతకో చెప్పను, ఇంట్లోనే చెప్పలేదు. గాజైతే చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. రెసిన్‌కి ఆ చలవ ఉండదు.

రేకు పని కంటికి అలవాటు కావాలంటే చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద చోళమండలానికి వెళ్ళండి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ మొదలుపెట్టిన కళాకారుల ఊరది. అక్కడి లోహశిల్పాల దగ్గర కాసేపు నిలబడండి.

ఇక మన సముద్రపు గాలి. రాగి బయటపడ్డ అంచుల్లో చిలుము పట్టేస్తుంది. అది చూసి మా అత్తయ్య చింతపండు పట్టుకొచ్చింది. అమ్మో, వద్దు! పులుపు గాజు మెరుపును తినేస్తుంది. తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, చాలు. పాత ఎనామిల్‌లో సీసం ఉండేది, కాబట్టి వీటిలో తినేవేవీ పెట్టకండి, మిక్చర్ కూడా.

అత్తయ్య ఇప్పటికీ దీన్ని యాష్‌ట్రే అనే అంటుంది. బయటి నుంచి రాగానే తాళంచెవులు ఇందులోనే పడేస్తుంది. ఆ చప్పుడైనప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది.