రాగి రేకు మీద సామ్రాజ్యం: ఏడేళ్ల యుద్ధకాలపు పటాలు

అందరికీ నమస్కారం. 1756 నుంచి 1763 దాకా ఇంగ్లండు, ఫ్రాన్సు అమెరికా అడవుల్లోనూ తలపడ్డాయి, మన కోస్తాలోనూ తలపడ్డాయి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పతనం ఆ యుద్ధంలోవే. ఇక్కడి కబురు ఓడలో లండన్ చేరడానికి నెలలు పట్టేది. చేరాక, ఆ దేశాలు ఏ మూలన ఉన్నాయో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ లాంటి మాసపత్రికలు మడతల పటం వేసి చూపించేవి.

ఆ పటం తయారీ తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. రాగి రేకును వేడిచేసి పల్చగా మైనం పూస్తారు. మూలపటాన్ని పల్చటి కాగితం మీదికి ఎత్తుకుని, బోర్లించి, మైనం మీద దింపుతారు. ఆ గీతల వెంట ఉక్కు ఉలితో చెక్కుతారు, అక్షరాలన్నీ తిరగేసి. చెక్కినచోట లేచిన అంచును గీకేయకపోతే సిరా అక్కడ చిక్కుకుని గీత మసకబారుతుంది. తర్వాత గాళ్లలోకి సిరా రుద్ది, పైపైన ఉన్నది గుడ్డతోనూ అరచేత్తోనూ తుడిచి, తడిపిన కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కుతారు. అచ్చక్షరాల ప్రెస్సు ఈ పనికి చాలదు. అందుకని పటం విడిగా అచ్చయి, తర్వాత సంచికలో చేరేది. పాత సంచికల్లో చాలాచోట్ల పటం ఊడిపోయి ఉండటానికి అదీ ఒక కారణమే.

మరి మూలపటం ఎక్కడిది? ఎక్కువగా ఇంకొకరిదే. లూయిస్ ఎవాన్స్ 1755లో ఫిలడెల్ఫియాలో వేసిన ఇంగ్లీషు వలసల పటాన్ని మర్నాడే అన్నట్టు 1756లో లండన్‌లో థామస్ కిచిన్ దించేశాడు. ఇండియాకైతే ఫ్రెంచి పటకర్త దాన్‌విల్ 1752 పటం ఆధారం. ఆయన ఇండియా గడప తొక్కలేదు. నావికుల లెక్కలు, బాటసారుల మజిలీ దూరాలు పోల్చుకుంటూ పారిస్‌లో కూర్చుని గీశాడు. సూర్యుణ్ణి చూసి అక్షాంశం కట్టొచ్చు గనక తీరంలో ఉత్తర దక్షిణాలు ఫరవాలేదు. రేఖాంశం దగ్గరే తిప్పలు. తెలియని లోనాటిని ఆయన ఖాళీగా వదిలేశాడు. నాకు ఆ పటంలో నచ్చేది అదే.

రంగులది వేరే కథ. 1755లో జాన్ మిచెల్ వేసిన అమెరికా పటం 8 షీట్లు. అతికిస్తే దాదాపు ఆరున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. అందులో వర్జీనియా, కరోలినా సరిహద్దులు మిసిసిపీ దాటి పడమరకు పరుగెత్తుతాయి. అక్కడ కొలిచినవాడు ఎవడూ లేడు! 1718లో ఫ్రెంచివాడు దెలీల్ ఇందుకు తలకిందులుగా ఇంగ్లీషు వలసలను అపలాచియన్ కొండలకూ సముద్రానికీ మధ్య ఇరికించాడు. రంగు ప్రతి కాపీకీ చేత్తోనే వేసేవారు, కాబట్టి రేకు ముట్టకుండానే సరిహద్దు మార్చొచ్చు. ఇలాంటి పటం చేతికొస్తే రంగు కింద చెక్కిన గీత ఉందో లేదో ముందు చూడండి.

మిచెల్ పటం వాయవ్య మూలను హడ్సన్ బే చిన్న పటం కప్పేసింది, మిసిసిపీ పుట్టేచోటు దాని కింద మరుగైంది. 1782–83లో పారిస్‌లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగించే సంధి రాసినవాళ్లు ఇదే పటం ముందేసుకుని, లేక్ ఆఫ్ ది వుడ్స్ వాయవ్య కొస నుంచి నేరుగా పడమరకు వెళితే మిసిసిపీ తగులుతుందని రాసేశారు. ఆ నది పుట్టేది ఆ సరస్సుకు దక్షిణాన. 1818 ఒప్పందంలో ఆ గీతను 49వ అక్షాంశం దాకా కిందికి దించి సర్దుకున్నారు. ఫలితంగా మిన్నెసోటా రాష్ట్రపు ముక్క ఒకటి ఇప్పటికీ కెనడా వైపు ఉండిపోయింది; అమెరికా లోపలి నుంచి రోడ్డు మీద అక్కడికి వెళ్లాలంటే కెనడా దాటాల్సిందే.