డీఐ టూల్స్ రివ్యూ: మార్పులు చెప్పే రోజే అసలు పరీక్ష

నమస్కారం అండీ. డీఐ, అంటే సినిమా రంగులు దిద్దే డిజిటల్ ఇంటర్మీడియట్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "డావిన్సీ రిజాల్వ్ నేర్చుకోవాలా, బేస్‌లైట్ నేర్చుకోవాలా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కలర్ టూల్స్ సరిపోవా?" రివ్యూల్లో మామూలుగా ఫీచర్లు లెక్కపెట్టి చెబుతారు. నేను చూసే లెక్క వేరు.

సినిమా అంతా గ్రేడ్ అయిపోయింది, అంటే అన్ని షాట్ల రంగులూ దిద్దేశాం అనుకోండి. దర్శకుడు, కెమెరామన్ మన వెనక సోఫాలో కూర్చుని మొదటి నుంచి చూస్తున్నారు. 40వ నిమిషంలో ఆపమన్నారు. "ఈ ఇంట్లో సీన్లన్నీ ఇంకాస్త కూల్‌గా, నీలం వైపు ఉండాలండీ, అమ్మాయి ముఖం రంగు మాత్రం కదలకూడదు" అన్నారు. ఆ ఇంట్లో తీసినవి 180 షాట్లు. ఆ మాట స్క్రీన్ మీదికి రావడానికి ఎంతసేపు పడుతుంది? అరగంటా, రెండు రోజులా? ఏ టూల్‌నైనా నేను ఆ రోజుతోనే కొలుస్తాను. ఈ వీడియో మొత్తం ఆ 180 షాట్ల చుట్టూనే తిరుగుతుంది.

ముందు రిజాల్వ్. దీని వయసు చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. డావిన్సీ సిస్టమ్స్ 1984లో మొదలైంది. ఫిల్మును టెలిసినీలో వేసి వీడియోగా మార్చే రోజుల్లో రంగులు దిద్దే యంత్రాలు వాళ్లు తయారుచేసేవారు. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొన్నాక, పెద్ద పోస్ట్ హౌసుల్లో మాత్రమే కనిపించే సరంజామా మామూలు కంప్యూటర్‌లోకి వచ్చేసింది. ఉచిత వెర్షన్‌లోనే నిజమైన పని చేసుకోవచ్చు, 3840 బై 2160 వరకు అవుట్‌పుట్ వస్తుంది. చీకటి షాట్లలో కనిపించే చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్, బొమ్మలోని మనిషిని విడిగా పట్టుకునే మ్యాజిక్ మాస్క్ కావాలంటే మాత్రం స్టూడియో వెర్షన్ ఉండాలి. రాత్రి సీన్లు ఎక్కువున్న సినిమాకి నాయిస్ రిడక్షన్ లేకుండా నేనైతే కూర్చోను.

రిజాల్వ్‌లో పనంతా నోడ్లతో నడుస్తుంది. నోడ్ అంటే బొమ్మ మీద ఒక దిద్దుబాటు చేసే చిన్న పెట్టె. ఇప్పుడు స్క్రీన్ మీద నోడ్ ఎడిటర్ చూడండి. ఇందులో నాలుగు స్థాయిలు ఉన్నాయి: గ్రూప్ ప్రీ-క్లిప్, క్లిప్, గ్రూప్ పోస్ట్-క్లిప్, టైమ్‌లైన్. బొమ్మ సరిగ్గా ఈ వరుసలోనే ప్రయాణిస్తుంది. నేను ఇంటి సీన్లు 180 షాట్లనూ ఒక గ్రూపులో పెట్టాను. ఒక్కో షాట్ ఎక్స్‌పోజర్, బ్యాలెన్స్ క్లిప్ స్థాయిలో చేశాను. ఆ ఇంటి లుక్ పోస్ట్-క్లిప్‌లో ఉంది. "ఇంకాస్త కూల్‌గా" అన్నప్పుడు పోస్ట్-క్లిప్‌లో ఒక్క నోడ్ తిప్పితే 180 షాట్లూ ఒకేసారి మారాయి. అర నిమిషం పని.

కానీ అమ్మాయి ముఖం కూడా నీలంగా మారింది కదా. పోస్ట్-క్లిప్ అంటే క్లిప్ తర్వాత వచ్చేది, కాబట్టి అక్కడ పోసిన చలవ ముఖం మీదా పడుతుంది. అందుకని అదే నోడ్‌లో క్వాలిఫయర్‌తో చర్మం రంగు పట్టుకుని, ఆ సెలక్షన్‌ని ఇన్వర్ట్ చేశాను. ఇప్పుడు కూలింగ్ మిగతా అంతటికీ వెళ్తుంది, చర్మాన్ని వదిలేస్తుంది. అయిపోయిందనుకుంటాం. షాట్లన్నీ వరుసగా చూసుకుంటూ వెళ్తే ఒకచోట చెక్క తలుపు మాత్రం వెచ్చగా మిగిలిపోయి కనిపించింది. పాలిష్ పెట్టిన చెక్క రంగు, మనిషి చర్మం రంగు చాలా దగ్గరగా ఉంటాయి. క్వాలిఫయర్‌కి ఆ రెండిటికీ తేడా తెలియదు. అలాంటి షాట్లు డజను దాకా తేలాయి. వాటిలో ఆ తలుపు చుట్టూ విండో (ఆ భాగాన్ని ఎంచుకునే గీత) గీసి, కదలికకి తగ్గట్టు ట్రాక్ చేసి, క్లిప్ స్థాయిలో విడిగా సరిచేశాను. మొత్తం గంటలోపు పని. గ్రూప్ లేకుండా ఒక్కో షాట్‌కి గ్రేడ్ కాపీ చేసుకుంటూ పోయి ఉంటే ఆ రోజంతా దానికే పోయేది.

ఇక్కడ ఒక ఇబ్బంది చెప్పి తీరాలి. రిజాల్వ్‌లో ఒక షాట్ ఒక్క గ్రూపులోనే ఉండగలదు. చాలామంది కెమెరాకి ఒక గ్రూపు కడతారు: ఆరీ కెమెరా లాగ్‌సీ ఫార్మాట్ షాట్లన్నీ ఒకటి, సోనీ కెమెరా ఎస్-లాగ్3 షాట్లన్నీ ఒకటి. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ దర్శకుడు ఎప్పుడూ "సోనీ షాట్లు మార్చండి" అనడు, "ఆ ఇంట్లో సీన్లు మార్చండి" అంటాడు. అందుకే నేను కెమెరా తేడాల సంగతి కలర్ మేనేజ్‌మెంట్‌కి అప్పగిస్తాను. మీడియా పూల్‌లో ఏ క్లిప్ ఏ కలర్ స్పేస్‌లో తీశారో చెప్పేస్తే, అన్నిటినీ డావిన్సీ వైడ్ గామట్ అనే ఒకే కలర్ స్పేస్‌లోకి అదే తెస్తుంది. గ్రూపులు సీన్ల కోసం ఖాళీగా మిగులుతాయి. ఈ ఒక్క నిర్ణయం మొదటి రోజు తీసుకోకపోతే చివరి వారంలో విపరీతమైన టెన్షన్. సగం సినిమా అయ్యాక గ్రూపులు మార్చడం అంటే ఇల్లు కట్టాక పునాది తవ్వినట్టే.

లట్లు, అంటే ఒక రంగును మరో రంగుగా మార్చే పట్టికల గురించి ఒక మాట. ఇప్పుడు రెండు నోడ్లున్న షాట్ చూడండి. కిటికీ పక్కన మనిషి, బయట మేఘాలు. మొదటి నోడ్‌లో లాగ్ (కెమెరా ఎక్కువ వివరం దాచుకునే చప్పటి రికార్డింగ్) నుంచి రెక్ 709కి (మామూలు టీవీ రంగుల ప్రమాణం) తెచ్చే లట్ ఉంది, రెండో నోడ్‌లో ఎక్స్‌పోజర్ తగ్గిస్తున్నాను. మేఘాలు రావట్లేదు. కిటికీ తెల్లగా ఉన్నది కాస్తా బూడిద రంగు అయింది, అంతే. వెలుగు స్థాయిలు చూపే వేవ్‌ఫామ్‌లో చూస్తే ఆకాశం అంతా పైన ఒక సన్నని చారలా నలిగిపోయి కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్స్‌పోజర్ నోడ్‌ని లట్‌కి ముందుకు తెస్తాను. అదే తగ్గింపు, అదే లట్. మేఘాల అంచులు తిరిగి వచ్చాయి, ఆ చార విప్పుకుంది. కెమెరా పట్టుకున్న వివరం లాగ్‌లో భద్రంగా ఉంది, లట్ దాన్ని నొక్కేసింది. నొక్కేశాక ఎంత తగ్గించినా తిరిగి రాదు. 33 పాయింట్ల 3డీ లట్ అంటే 35,937 స్థానాల్లో "ఈ రంగు వస్తే ఆ రంగు ఇవ్వు" అని రాసిపెట్టిన పట్టిక. మీ షాట్‌లో మేఘాలున్నాయో లేవో ఆ పట్టికకి తెలియదు. నెట్‌లో దొరికిన సినిమాటిక్ లట్ వేసి బాగోలేదని బాధపడేవాళ్లు ముందు ఈ వరుస సరిచూసుకోండి. చాలాసార్లు తప్పు లట్‌ది కాదు, దాని చోటుది.

ఇక బేస్‌లైట్. 2002లో మొదలైన ఫిల్మ్‌లైట్ కంపెనీది. ఇక్కడ నోడ్లు లేవు, లేయర్లు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. నోడ్లకు అలవాటుపడిన నాకు మొదట్లో చేతులు కట్టేసినట్టు అనిపించింది. కొన్ని రోజులు పని చేశాక అర్థమైంది: వేరేవాళ్లు చేసిన గ్రేడ్ తెరిచినా అందులో ఏముందో పైనుంచి కిందికి చదువుకోవచ్చు. రిజాల్వ్‌లో ఒక్కొక్కరి నోడ్ చెట్టు ఒక్కో అడవి. ఇద్దరు ముగ్గురు కలరిస్టులు, అసిస్టెంట్లు ఒకే సినిమా మీద పనిచేసేచోట ఈ తేడా చాలా విలువైనది.

బేస్‌లైట్‌లో నాకు బాగా నచ్చింది బేస్ గ్రేడ్. నీడలు, మధ్య వెలుగులు, ఎక్కువ వెలుగులు దిద్దే లిఫ్ట్, గామా, గెయిన్ అనేవి వీడియో యంత్రాల కాలం నాటి నాబ్‌లు. బేస్ గ్రేడ్‌లో మాత్రం ఎక్స్‌పోజర్, ఫ్లేర్, కాంట్రాస్ట్ అని కెమెరామన్ మాట్లాడే భాషే ఉంటుంది. ఆయన "అర స్టాప్ దించండి" అంటే మనం మనసులో అనువాదం చేసుకోనక్కర్లేదు. 180 షాట్ల పరీక్షలో మల్టీపేస్ట్ ఆదుకుంటుంది. ఏ షాట్లకి వెళ్లాలో షరతులు పెట్టి, ఎంచుకున్న లేయర్లను మాత్రమే పంపొచ్చు, మిగతా లేయర్లు అలాగే ఉంటాయి. గ్రేడ్‌ని బొమ్మలో కలిపేయకుండా బీఎల్‌జీ ఫైల్‌గా వీఎఫ్‌ఎక్స్ వాళ్లకి ఇవ్వొచ్చు. న్యూక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంపోజిటింగ్ చేసే (బొమ్మలు కలిపే) మనిషి మన గ్రేడ్ వేసి చూసుకోగలడు, కావాలంటే తీసేసుకోగలడు. పెద్ద డీఐ గది, పెద్ద టీమ్ ఉంటే నా ఓటు బేస్‌లైట్‌కే. ఒక్కరే చేసుకునేవాళ్లకి, ఎడిటింగ్ నుంచి డెలివరీ వరకు ఒకే చోట కావాలనుకునేవాళ్లకి రిజాల్వ్ చాలు. నిజంగా చాలు.

ఇక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని కలర్ టూల్స్. అడోబీ ప్రీమియర్‌లోని లూమెట్రీ ప్యానెల్ 2015లో వచ్చింది. చిన్న వీడియోలకి హాయిగా ఉంటుంది. 180 షాట్ల పరీక్షలో మాత్రం నన్ను అలసిపోయేలా చేసింది. కింది షాట్లన్నిటికీ వర్తించే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వేసుకుని నెట్టుకురావచ్చు, ముఖాలు కాపాడే పని వచ్చేసరికి చాలా కష్టమవుతుంది.

అయితే ఏ టూల్‌నీ జీవితకాలం నమ్ముకోకండి. ఆపిల్ 2006లో సిలికాన్ కలర్‌ని కొని కలర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది, 2011లో ఆపేసింది. అడోబీ స్పీడ్‌గ్రేడ్ కూడా అలాగే వెళ్లిపోయింది. బటన్లు ఎక్కడున్నాయో మాత్రమే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వెలుగు, రంగులను గ్రాఫ్‌లా చూపే స్కోప్ చదవడం నేర్చుకున్నవాళ్లు వారంలో కొత్త టూల్‌లో కుదురుకున్నారు. రంగు ఏ వైపు ఉందో చూపే వెక్టర్‌స్కోప్‌లో ఈ గీత చూడండి. మనిషి ఛాయ ఏదైనా చర్మం రంగు దాదాపు ఈ గీత దగ్గరే పడుతుంది. ఛాయను బట్టి మారేది ఎక్కువగా వెలుగు, సాచురేషన్. ట్యూబ్‌లైట్ కింద తీసిన ముఖం ఆకుపచ్చ వైపు జరిగిందో లేదో, మూడు గంటలు పనిచేసి అలసిన కన్ను చెప్పలేదు. ఈ గీత చెబుతుంది.

ఇప్పుడు మానిటర్. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎందుకంటే దెబ్బ తిన్నాను. ఒక షార్ట్ ఫిల్మ్ గ్రేడ్ చేసి దర్శకుడికి ఫైల్ పంపాను. ఆయన లాప్‌టాప్‌లో చూసి "వెలిసిపోయినట్టుందండీ" అన్నారు. నేను కూడా నా లాప్‌టాప్‌లో చూశాను, నిజమే. కాంట్రాస్ట్ పెంచి మళ్లీ పంపాను, ఓకే అన్నారు. ప్రదర్శన రోజు పెద్ద టీవీలో వేస్తే నీడల్లో ఉన్నదేదీ కనిపించలేదు. ఒక తల్లి చీకటి గదిలో కూర్చుని ఏడ్చే షాట్ ఉంది, ఆ కన్నీళ్లు కనబడలేదు. నటి పడిన కష్టం నా చేతుల్లో పోయింది. తర్వాత కారణం తెలిసింది. గామా అంటే ఇక్కడ మధ్య వెలుగులు ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే సంఖ్య. మనం 2.4 గామా మానిటర్ మీద చేసిన ఫైల్‌ని, అందులోని ట్యాగ్ చూసి కొన్ని ప్లేయర్లు దాదాపు 1.96 గామాతో చూపిస్తాయి. అందుకే వెలిసిపోయినట్టు ఉంటుంది. గ్రేడ్‌లో తప్పేమీ లేదు. నేను లేని తప్పు దిద్దాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. గ్రేడింగ్ మానిటర్‌కి సిగ్నల్ గ్రాఫిక్స్ కార్డు నుంచి కాకుండా డెక్‌లింక్, అల్ట్రాస్టూడియో లాంటి వీడియో అవుట్‌పుట్ పరికరం ద్వారా వెళ్తుంది. అప్పుడు మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ రంగులు మార్చడం ఉండదు. రంగు కొలిచే ప్రోబ్‌తో కాలిబ్రేట్ చేసి రెక్ 709, 2.4 గామా, 100 నిట్ల వెలుగుకి పెడతాను. మానిటర్ వెనక గోడ బూడిద రంగు, దాని మీద 6500 కెల్విన్ లైట్. దర్శకుడికి ఫైల్ పంపేటప్పుడు ఏ పరికరంలో చూడాలో కూడా చెబుతాను, వీలైతే ఆయన్నే గదికి రమ్మంటాను. ఉన్న డబ్బులో కంట్రోల్ ప్యానెలా, మానిటరా అంటే ముందు మానిటర్ తీసుకోండి. ప్యానెల్ ఉంటే రెండు చేతులతో రెండు బంతులు ఒకేసారి తిప్పొచ్చు, నీడల్లోకి నీలం పోస్తూ వెలుగుల్లోంచి అదే నీలం తీసేయొచ్చు. మౌస్‌తో అది కుదరదు. ఆ వేగం అలవాటైతే వదలలేం. అయినా అది రెండో కొనుగోలే.

థియేటర్‌కి వెళ్లే సినిమా అయితే డీసీపీ (థియేటర్‌కి ఇచ్చే ఫైళ్ల ప్యాకేజీ) కోసం పీ3 అనే సినిమా కలర్ స్పేస్‌కి మార్చి, ప్రొజెక్టర్ ఉన్న గదిలో ఒకసారి మొత్తం చూడాలి. థియేటర్ తెర మీద తెలుపు 48 నిట్లే, గామా 2.6. లెక్క ప్రకారం మార్పిడి సరిగ్గానే జరుగుతుంది. అయినా చీకటి హాల్లో పెద్ద తెర మీద రాత్రి సీన్లు వేరేగా అనిపిస్తాయి. నేను ఎప్పుడూ అక్కడ చిన్న చిన్న దిద్దుబాట్లకి ఒక పూట కేటాయిస్తాను.

చివరగా, అందరూ భయపడే ఫోన్ కాల్: "ఎడిట్ కాస్త మారిందండీ." పిక్చర్ లాక్ (ఎడిట్ ఇక మారదు) అన్నాక కూడా వస్తుంది. రిజాల్వ్‌లో కొత్త ఎడిట్ వివరాలున్న ఎక్స్‌ఎంఎల్ లేదా ఈడీఎల్ ఫైల్ తెచ్చుకుని కలర్‌ట్రేస్ వాడండి. పాత టైమ్‌లైన్‌లోని గ్రేడ్లు కొత్తదానిలో సరిపోయే షాట్లకి వాటంతట అవే వెళ్తాయి, సరిపోనివి విడిగా చూపిస్తుంది. మొన్న ఒక సినిమాకి ఇలా చేస్తే తొమ్మిది షాట్లు మిగిలాయి, అన్నీ కొత్తగా కలిపిన ఇన్సర్ట్‌లే. టీ తాగి వచ్చి వాటిని బ్యాలెన్స్ చేసి ఇంటి గ్రూపులో పడేశాను, లుక్ దానంతటదే వచ్చి కూర్చుంది.

వచ్చే వీడియోలో హెచ్‌డీఆర్ గ్రేడింగ్ చేసి చూపిస్తాను. ఉంటానండీ.