రెండు వాయిద్యాలు, ఒకే పాట: షూబెర్ట్ రాసిందాన్ని ఆర్కెస్ట్రా కండక్టర్ మార్చొచ్చా?

[ఆర్కే బీచ్, సాయంత్రం. వెనకాల సముద్రం హోరు]

నమస్కారం. ఆమధ్య సింహాచలం కొండమీద మా బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఇద్దరు సన్నాయి అందుకున్నారు, శ్రుతి కలవలేదు. పెద్దాయన ఆపేసి, పీకను నోట్లో తడిపి, కొంచెం లోపలికి నొక్కారు. "ఇప్పుడు ఊదు నాన్నా" అన్నారు పక్కనున్న కుర్రాడితో. అంతే, రెండూ ఒక్కటైపోయాయి.

[రెండు స్వరాలు కలిపి వినిపించాలి]

ఇది 440 హెర్ట్జ్. దీనికి 442 కలిపాను. సెకనుకు రెండుసార్లు ఊగుతోంది, విన్నారా? ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలని చదువుకున్నామే, అవే ఇవి.

ఆస్ట్రియా సంగీతకర్త షూబెర్ట్ 1822లో మొదలుపెట్టిన 'అన్‌ఫినిష్డ్' సింఫనీలో, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచనలో, ఇదే చిక్కు. మొదట వయొలిన్‌కి పెద్దన్నల్లాంటి సెల్లోలు, డబుల్ బేస్‌లు. తర్వాత వయొలిన్ల సన్నని అలికిడి మీద ఓబో, క్లారినెట్ అనే రెండు ఊదే వాయిద్యాలు కలిసి ఒకే పాట వాయిస్తాయి, అదీ చాలా మెల్లగా.

[రెండు వాయిద్యాలూ దగ్గర్నుంచి]

ఓబో మన సన్నాయికి చుట్టం. జంట పీక, కింది వైపు వెడల్పయ్యే గొట్టం. క్లారినెట్‌ది ఒంటి పీక, గొట్టం దాదాపు ఒకే వెడల్పు. అందుకే పైకి దూకేటప్పుడు ఓబో సా నుంచి పై సాకి వెళ్తే, క్లారినెట్ సా నుంచి పై స్థాయి పంచమానికి పోతుంది. ఒక్కో స్వరం దగ్గర ఒక్కో తేడా. పైగా మెల్లగా ఊదితే క్లారినెట్ శ్రుతి పైకి జారుతుంది. ఏసీ హాల్లో కాసేపు ఊదకుండా ఉంచితే గొట్టం చల్లబడి కిందికి దిగుతుంది. వాయించేవాళ్ళకి ఎంత టెన్షనో!

ఇలాంటప్పుడు ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ఇద్దరిలో ఒకరిని ఆపేస్తే పని తేలికే. మార్పులన్నీ తప్పని నేననను. రష్యా సంగీతకర్త చైకోవ్‌స్కీ 1893 నాటి ఆరో సింఫనీలో బసూన్‌కి, అంటే జంట పీకతోనే ఊదే మంద్ర వాయిద్యానికి, ఆరు 'పి'లు రాశాడు, అంటే వినీ వినబడనంత మెల్లగా అని. కింది స్వరాల్లో బసూన్‌కి అది చాలా కష్టం. చాలామంది కండక్టర్లు అక్కడున్న నాలుగు స్వరాలూ బేస్ క్లారినెట్‌కి, అంటే మంద్రంగా పలికే పెద్ద క్లారినెట్‌కి, ఇస్తారు. నాకు అభ్యంతరం లేదు, అక్కడ కావలసింది ఆ నిశ్శబ్దమే.

షూబెర్ట్ దగ్గర మాత్రం ఒప్పుకోను. అక్కడ వినిపించేది ఓబో కాదు, క్లారినెట్ కాదు, రెండూ కలిసిన మూడో గొంతు. ఒకదాన్ని తీసేస్తే అది పోతుంది. వయొలిన్లను ఆపి, ఆ ఇద్దరినే పక్కపక్కన కూర్చోబెట్టి, ఒక్కో స్వరం పట్టి నిలపమనాలి. క్లారినెట్ పైకి పోతుంటే గొట్టం ముక్కలు కలిసే జాయింట్ దగ్గర వెంట్రుకవాసి బయటికి లాగాలి. కొండమీద ఆ పెద్దాయన చేసింది ఇలాంటి పనే.

[పదమూడో బార్ నుంచి ఓబో, క్లారినెట్]