వెంటిలేటర్ ఊపిరి: యంత్రానిది ఎంత, రోగిది ఎంత?

[తెరపై: వెంటిలేటర్ స్క్రీన్. పీడనం గీత లేస్తూ, పడుతూ ఉంటుంది.]

ప్రాణం నిలబెట్టే వెంటిలేటరే ఊపిరితిత్తులను గాయపరచగలదు. ఊపిరి తీసే కండరం డయాఫ్రమ్‌నూ బలహీనపరచగలదు. ఈ రెండింటినీ కాపాడటం ఎలాగో చూద్దాం.

ముందు ఊపిరితిత్తులు. ఏఆర్‌డీఎస్ అంటే ఊపిరితిత్తులు ఒక్కసారిగా తీవ్రంగా దెబ్బతినే జబ్బు. అది వస్తే వాయుగోణులు, అంటే ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులు, చాలావరకు నీరు చేరి మూసుకుపోతాయి. మిగిలిన కొద్ది చోటులోకే గాలంతా తోస్తే ఆ చోటు సాగి దెబ్బతింటుంది. 2000లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చినవారిలో దాదాపు 40 శాతం మంది చనిపోయారు. 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 శాతం. ఊపిరి లోపలికి వెళ్లాక గాలిని క్షణం ఆపి కొలిచే ప్లేటో పీడనం కూడా 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకూడదు.

[తెరపై: మంచం పక్కన కొలత టేపు.]

ఇక్కడ కిలోలంటే రోగి తూగే బరువు కాదు, ఎత్తును బట్టి కట్టే లెక్క. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు కదా! 160 సెంటీమీటర్ల మహిళ 90 కిలోలున్నా లెక్కకు వచ్చేది సుమారు 52 కిలోలే. అంటే కిలోకు 6 చొప్పున ఊపిరికి దాదాపు 315 మిల్లీలీటర్లు. తూకం చూసి ఇస్తే అది 540 అవుతుంది! ఎత్తును కంటితో అంచనా వేయకండి, టేపు పెట్టి కొలవండి.

[తెరపై: డయాఫ్రమ్ కదిలే బొమ్మ.]

ఇక డయాఫ్రమ్. పని లేకపోతే అది ఆశ్చర్యపోయేంత వేగంగా చిక్కిపోతుంది. 2008 నాటి ఒక అధ్యయనంలో 18 నుంచి 69 గంటలపాటు పూర్తిగా యంత్రంమీదే ఉన్న బ్రెయిన్‌డెడ్ అవయవ దాతల డయాఫ్రమ్ తంతువుల వైశాల్యం, ఆపరేషన్ కోసం రెండు మూడు గంటలే యంత్రంమీద ఉన్నవారితో పోలిస్తే సగానికి పైగా తక్కువగా ఉంది.

అలాగని రోగిని ఎగశ్వాసకు వదిలేయకూడదు. బలంగా లాగే ప్రతి ఊపిరీ ఊపిరితిత్తులను లోపలినుంచి సాగదీస్తుంది, కండరాన్నీ గాయపరుస్తుంది. స్క్రీన్‌మీద పీడనం తక్కువగానే కనిపించవచ్చు, మోసపోవద్దు.

[తెరపై: కుడి పక్కటెముకలపై అల్ట్రాసౌండ్ ప్రోబ్.]

ఆ శ్రమను కొలవవచ్చు. అల్ట్రాసౌండ్‌లో డయాఫ్రమ్ ఊపిరి తీసేటప్పుడు ఎంత మందమవుతుందో కనిపిస్తుంది. 15 నుంచి 30 శాతం మధ్య ఉంటే మేలని పరిశోధకుల అంచనా. వెంటిలేటర్‌లో ‘పీ 0.1’ ఉంటే అదీ చూడండి. రోగి ఊపిరి మొదలుపెట్టిన తొలి 0.1 సెకనులో, గాలిదారి మూసి ఉండగా పీడనం ఎంత పడిందో చెబుతుంది.

శ్రమ మరీ తక్కువైతే మత్తుమందు తగ్గించాలి, యంత్రం సాయం తగ్గించాలి. ఎక్కువైతే వెంటనే మత్తు పెంచేయకండి. నొప్పి, జ్వరం, రక్తంలో ఆమ్లం, గాలి ప్రవాహం సెట్టింగ్ ముందు చూడండి. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ తొలి రోజుల్లో మాత్రం రెండూ ఒకేసారి కుదరకపోవచ్చు. అప్పుడు డయాఫ్రమ్‌కు కొంత నష్టం జరిగినా ముందు ఊపిరితిత్తులనే కాపాడాలి.